మోడల్ కారు అద్దం పగిలిందా? బాగు చేయాలా, మార్చాలా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక చాలా చిన్న వస్తువు గురించి. స్కేల్ మోడల్ కారు ముందు అద్దం. అదే, విండ్‌షీల్డ్. డైకాస్ట్ కారు బాడీ మొత్తం మెటల్ కదా, కింద పడితే కొంచెం పెయింట్ లేస్తుంది, అంతే. కానీ అద్దం మీద ఒక్క పగులు వచ్చిందనుకోండి, కారు మొత్తం పాడైపోయినట్టే కనిపిస్తుంది. మన కన్ను ముందు అక్కడికే పోతుంది మరి.

నేను ఉండేది శంషాబాద్‌లో. 2008 మార్చిలో బేగంపేట నుంచి ఎయిర్‌పోర్ట్ ఇక్కడికి మారింది. అప్పట్నుంచి జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఎక్కువమంది ఈ దారినే. అరైవల్స్ బయట ఒక అరగంట నిలబడండి, మీకే తెలుస్తుంది. ట్రాలీ మీద తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టెలు, వాటి మీద మార్కర్‌తో పెద్దగా రాసిన పేరు, ఊరు. లోపల ఏముంటాయి? రగ్గులు, సెంటు సీసాలు, చాక్లెట్లు, పిల్లలు ఉంటే ఒక కారు బొమ్మ. ఆ పెట్టె ఎన్ని చేతులు మారి, ఎన్నిసార్లు ఎత్తేసి వస్తుందో మనకి తెలుసు. అందులో మొదట పగిలేది ఏంటంటే, ఆ కారు అద్దమే.

పోయిన నెల జగిత్యాల దగ్గర్నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అతని మాటల్లోనే చెప్తాను. "అన్నా, నేను మూడో తరగతిల ఉన్నప్పుడు మా బాపు దుబాయ్ నుంచి పెద్ద కారు తెచ్చిండు. పెట్టె ఇప్పంగనే అద్దం పగిలి ఉన్నది. నేను బాగ ఏడ్చిన. బాపు ఏమనలే, టేప్ ఏసిండు. మళ్లీ రెండేండ్ల దాకా రాలే. ఇప్పుడు వచ్చే నెల ఇగ మొత్తానికే వస్తుండు. గప్పటి వరకు ఆ అద్దం బాగైతదా? కొత్తది ఏస్తే మంచిదా, పాతదే అతికితే మంచిదా?"

ఇది చాలా మంచి ప్రశ్న. ఎందుకంటే అద్దాలన్నీ ఒకేలా పాడవ్వవు. గీత పడటం వేరు, మసకబారటం వేరు, పగలటం వేరు, ముక్క ఎగిరిపోవటం వేరు. నాలుగింటికీ మందు వేరు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఉన్నది కూడా పోతుంది. కాబట్టి ఒక్కొక్కటి చూద్దాం.

ముందు అసలు అది ఏంటో తెలుసుకుందాం. పేరుకి అద్దం అంటాం గానీ అది గాజు కాదు, ప్లాస్టిక్. ఎక్కువగా వాడేది క్లియర్ పాలీస్టైరీన్. పాత సీడీ డబ్బా గుర్తుందా? గట్టిగా ఉంటుంది, గోటితో కొడితే టంగుమంటుంది, కొంచెం వంచితే టక్కున విరుగుతుంది. అదే మెటీరియల్. కొన్ని మోడల్స్‌లో పాలీకార్బొనేట్ వాడతారు, అది ఇంత పెళుసుగా ఉండదు. మన దగ్గరున్నది ఏదైనా సరే, ఒక రూల్ పెట్టుకోండి. పెట్రోల్, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, ఈ మూడూ దగ్గరికి రానీయొద్దు. రిమూవర్‌లో ఎక్కువగా ఉండే అసిటోన్ పాలీస్టైరీన్‌ని కరిగించేస్తుంది. తుడిచేలోపే అద్దం పాలు పోసినట్టు తెల్లగా అయిపోతుంది.

ఇప్పుడు విప్పటం. బయట నుంచి అద్దాన్ని పట్టుకుని లాగొద్దు. దాన్ని లోపల నుంచి బిగిస్తారు. 1:18 సైజు కార్లు, అంటే అసలు కారు నాలుగున్నర మీటర్లుంటే ఇది 25 సెంటీమీటర్లు ఉంటుంది, వాటికి మామూలుగా కింద స్క్రూలు ఉంటాయి. మొబైల్ రిపేర్ స్క్రూడ్రైవర్ సెట్ సరిపోతుంది. విప్పే ప్రతి స్టెప్‌కి ఫోన్లో ఒక ఫొటో తీయండి. స్క్రూలు ఇడ్లీ ప్లేట్ గుంటల్లో వరసగా వేసుకోండి, ఏది ముందు విప్పామో, ఏది తర్వాతో తెలుస్తుంది. బాడీ పైకి లేపాక లోపల చూస్తే అద్దానికి చిన్న చిన్న ప్లాస్టిక్ పుల్లలు ఉండి, వాటి తలలు వేడితో కరిగించి నొక్కి ఉంటాయి. ఆ తలల్ని మాత్రమే బ్లేడ్‌తో మెల్లగా కోయాలి.

హాట్ వీల్స్ లాంటి 1:64 చిన్న కార్లు అయితే స్క్రూలు ఉండవు, రివెట్లు ఉంటాయి. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో రివెట్ తల ఒక్కటే తొలగించాలి, కింది స్తంభాన్ని ముట్టుకోవద్దు. మళ్లీ బిగించడానికి ఆ స్తంభంలో 1.6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ట్యాప్‌తో మర తిప్పి, ఎం2 స్క్రూ వేస్తారు. కళ్లద్దాలు లేకుండా డ్రిల్ పట్టుకోవద్దు, ఎగిరే మెటల్ రజను కంట్లో పడితే ఈ వీడియో చూసే పరిస్థితి కూడా ఉండదు. స్కూల్ పిల్లలైతే పెద్దవాళ్లని పక్కన పెట్టుకునే చేయండి.

సరే, మొదటి రకం. గీతలు. గోరు పెట్టి గీత మీద అడ్డంగా లాగండి. గోరు తగులుకోలేదా? అయితే అది పైపైనే. కార్ పాలిష్ చేసే రబ్బింగ్ కాంపౌండ్ కొంచెం తీసుకుని, మెత్తటి పాత బనీను గుడ్డతో రుద్దితే పోతుంది. గోరు తగులుకుంటే మాత్రం వాటర్ పేపర్ పట్టాలి. కార్ పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. 1500 నంబర్‌తో మొదలుపెట్టి 2000, ఆ తర్వాత 3000. గీత బాగా లోతుగా ఉంటేనే 1000. పేపర్ ఎప్పుడూ తడిగా ఉండాలి, నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. ఒక నంబర్‌తో నిలువుగా రుద్దితే, తర్వాతి నంబర్‌తో అడ్డంగా రుద్దండి. ఎందుకంటే పాత నిలువు గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది భయపడిపోతారు. 1500 పట్టగానే అద్దం మొత్తం మసకగా అయిపోతుంది. "అయ్యో, ఉన్నది కూడా చెడగొట్టుకున్నాను" అనుకుని ఆపేస్తారు. ఆపొద్దు. లాజిక్ ఏంటంటే, మనం కంటితో చూసే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. 2000 నంబర్ పేపర్ మీద ఉండే రేణువు సుమారు 10 మైక్రాన్లు. అది చేసే గీతలు వెలుగుకి పెద్ద పెద్ద గుంతల్లాంటివి, వెలుగు వాటిలో పడి చెల్లాచెదురవుతుంది, మనకి మసకగా కనిపిస్తుంది. కాంపౌండ్, పాలిష్ దాకా వెళ్లేసరికి ఆ గీతలు వెలుగు కంటే చిన్నవి అయిపోతాయి. అప్పుడు వెలుగు నేరుగా దాటిపోతుంది. అంటే మనం గీతల్ని తీసేయట్లేదు, కంటికి అందనంత చిన్నవి చేస్తున్నాం, అంతే.

ఒక ఇంట్రెస్టింగ్ విషయం చెప్పనా? విమానంలో విండో సీట్ కోసం కొట్టుకుంటాం కదా, ఆ కిటికీ కూడా గాజు కాదు, యాక్రిలిక్ ప్లాస్టిక్. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఆవరణలోనే జీఎంఆర్ వాళ్ల విమానాల మరమ్మతు కేంద్రం ఉంది, ఇలాంటి కేంద్రాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. విమాన కిటికీ మీద గీతలు పడితే తీసే పద్ధతి కూడా ఇదే. ముతక నుంచి సన్నం వైపు, ఒక్కో మెట్టు దిగుతూ రుద్దటం. తేడా ఏంటంటే అక్కడ ఎంత మందం వరకు అరగదీయొచ్చో లెక్క ఉంటుంది, కొలుస్తారు. మన బొమ్మ కారుకి అంత లెక్క అక్కర్లేదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి, మెషీన్ పెట్టి రుద్దొద్దు. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడిపోతుంది. మోటార్ రాపిడికి ఆ వేడి క్షణాల్లో వచ్చేస్తుంది.

రెండో రకం, మసక. అద్దం అంచుల్లో తెల్లటి పొగలా ఉందా? అయితే ఎవరో ఫెవిక్విక్ వాడారని అర్థం. సూపర్ గ్లూ, అంటే సైనోఅక్రిలేట్, ఆరేటప్పుడు దాని ఆవిరి పైకి లేస్తుంది. గాల్లో తేమతో కలిసి చుట్టుపక్కల తెల్లటి పొరలా కూర్చుంటుంది. వేలిముద్ర ఉన్న చోట ఇంకా ఎక్కువగా పడుతుంది. పోలీసుల ఫోరెన్సిక్ వాళ్లు నేరం జరిగిన చోట దొరికిన వస్తువుల మీద వేలిముద్రలు బయటపెట్టడానికి సరిగ్గా దీన్నే వాడతారు. అంటే మనం కారు అద్దానికి ఫెవిక్విక్ పెట్టామంటే మన వేలిముద్రలు మనమే ప్రింట్ తీసుకున్నట్టు. వానాకాలం హైదరాబాద్‌లో గాలిలో తేమ ఎక్కువ, అప్పుడు ఇంకా దారుణంగా వస్తుంది. అది పైపొర మాత్రమే కాబట్టి పాలిష్ చేస్తే చాలావరకు పోతుంది. కానీ అసలు పెట్టకపోవటం బెస్ట్. మరి దేంతో అతికించాలి? తెల్ల ఫెవికాల్. అవును, స్కూల్లో క్రాఫ్ట్‌కి వాడిందే. టూత్‌పిక్‌తో అంచుల్లో సన్నగా పెట్టండి. ఆరితే పారదర్శకంగా అయిపోతుంది, పొగ రాదు, ప్లాస్టిక్‌ని తినదు. రేపు ఎప్పుడైనా తీయాలంటే గోరువెచ్చని నీళ్లతో నానబెడితే వచ్చేస్తుంది.

ఈ చివరి పాయింట్ చాలా ముఖ్యం. కోడ్ రాసేవాళ్లకి తెలుసు, వెనక్కి తిప్పుకోలేని మార్పు ఎప్పుడూ డేంజరే. మ్యూజియంలలో పాత వస్తువులు బాగు చేసేవాళ్లు కూడా ఇదే పాటిస్తారు. రేపు ఇంకొకరు వచ్చి తీసేయగలిగేలా ఉండాలి మనం చేసే రిపేర్.

మూడో రకం, పగులు. మన తమ్ముడి కారుది ఇదే. ఫొటోలు పంపాడు. 1:18 కారు, అద్దం కింది మూలలో మొదలై పైకి సుమారు 3 సెంటీమీటర్ల పగులు. ముక్క ఊడలేదు. దాని మీద అప్పటి టేప్, పచ్చగా మారిపోయి, గమ్ము కారి, అంచుల్లో దుమ్ము పట్టి ఉంది.

పగులు మనకెందుకు కనిపిస్తుంది? ప్లాస్టిక్ పారదర్శకమే, మధ్యలో ఉన్న గాలి కూడా పారదర్శకమే. కానీ రెండింటిలో వెలుగు వేగం వేరు. ఆ తేడాని వక్రీభవన గుణకం అంటారు, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివే ఉంటారు. పాలీస్టైరీన్‌కి సుమారు 1.59, గాలికి 1. వెలుగు ప్లాస్టిక్ నుంచి గాలిలోకి, మళ్లీ ప్లాస్టిక్‌లోకి మారేటప్పుడు కొంత వెనక్కి కొడుతుంది. మనకి మెరిసే గీతలా కనిపించేది అదే. మిర్చి బజ్జీ కట్టిచ్చిన పేపర్ చూడండి. నూనె అంటిన చోట అవతలి వేలు కనిపిస్తుంది. కాగితం పోగుల మధ్య ఉన్న గాలిని నూనె నింపింది, వెలుగు చెదరటం తగ్గింది. పగులుకి కూడా మనం చేయాల్సింది అంతే. మధ్యలో గాలి తీసేసి, ప్లాస్టిక్‌కి దగ్గరి గుణకం ఉన్న పదార్థం నింపాలి. రోడ్డు మీద తిరిగే అసలు కార్ల అద్దానికి రాయి తగిలి చిన్న చుక్క పడితే రెజిన్ ఎక్కించి బాగు చేస్తారు కదా, అదే సూత్రం. మనకి రెజిన్ ఆర్ట్ వాళ్లు వాడే యూవీ రెజిన్ చాలు, పల్చటిది చూసి తీసుకోండి.

స్టెప్స్ చెప్తాను. ముందు టేప్ తీయాలి. లాగితే పగులు ఇంకా సాగుతుంది. టేప్ అంచున రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి ఐదు నిమిషాలు ఆగండి, గమ్ము వదులవుతుంది. పగులు పక్క నుంచి, పగులు పొడవునే మెల్లగా లేపండి, అడ్డంగా కాదు. నూనెని రాత్రంతా వదిలేయొద్దు, ఎక్కువసేపు ఉంటే అది కూడా ప్లాస్టిక్‌కి మంచిది కాదు. వెంటనే గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పగులు లోపల నూనె మిగిలితే రెజిన్ పట్టదు.

తర్వాత టెస్ట్. ప్రొడక్షన్‌లో డైరెక్ట్‌గా ఎవరూ కోడ్ ఎక్కించరు కదా? పాత సీడీ డబ్బా విరగ్గొట్టి, దాని పగులు మీద మీ రెజిన్ ట్రై చేయండి. కొన్ని రెజిన్లు గట్టిపడేలోపు ప్లాస్టిక్‌ని కొంచెం తింటాయి, సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. అలా వస్తే ఆ రెజిన్ వద్దు.

అంతా ఓకే అనుకుంటే, అద్దం బయటి వైపు పగులు మీద కొత్త టేప్ వేయండి, రెజిన్ కారకుండా. లోపలి వైపు నుంచి సూది మొనతో ఒక్కో చుక్క పెట్టండి. అద్దాన్ని వెంట్రుకవాసి మాత్రమే వంచి వదిలితే, పగులు తెరుచుకుని రెజిన్‌ని దానంతట అదే లోపలికి పీల్చుకుంటుంది. వత్తి నూనెని పీల్చుకున్నట్టు. గాలి బుడగలు లేకుండా చూసి, వెంటనే యూవీ టార్చ్ పెట్టండి. టార్చ్ లేకపోతే మన ఎండ ఉంది, అది ఫ్రీ. గట్టిపడ్డాక పొంగిన రెజిన్‌ని ఇందాక చెప్పిన 1500, 2000, 3000 వరసలో సమం చేసి పాలిష్ పెట్టండి. చేతికి గ్లవుజులు తప్పనిసరి, గట్టిపడని రెజిన్ చర్మానికి అలర్జీ తెస్తుంది. కిటికీ తెరిచి చేయండి.

ఫలితం గురించి అబద్ధం చెప్పను. ఎదురుగా చూస్తే పగులు దాదాపు కనిపించదు. పక్క నుంచి, వెలుగు ఒక యాంగిల్‌లో పడితే సన్నటి గీత తెలుస్తుంది. తమ్ముడికి ఇదే చెప్పాను. "కొత్తది వేస్తే ఏ గీతా ఉండదు. పాతది అతికితే ఒక గీత మిగులుతుంది. ఏది కావాలో నువ్వే చూసుకో." పది నిమిషాల్లో రిప్లై వచ్చింది. "పాతదే ఉండనీ అన్నా. కొత్తదేస్తే బాపు తెచ్చిన కారు ఎట్లైతది?" వారం తర్వాత ఫొటో పంపాడు. టేప్ లేదు, అద్దం తేటగా ఉంది, మూలలో ఒక గీత. చాలా నీట్‌గా చేశాడు. వాళ్ల బాపు వచ్చే ఫ్లైట్ ఇంకో పది రోజుల్లో.

ఇక నాలుగో రకం. ముక్క పోయింది, లేదా అద్దం వంకర తిరిగింది. ఇప్పుడు మార్చక తప్పదు. వంకర ఎందుకు తిరుగుతుంది అంటే, చాలాసార్లు కారణం ఎండే. మే నెలలో కారు మూసి ఎండలో పార్క్ చేస్తే డ్యాష్‌బోర్డ్ మీద వేడి 70 డిగ్రీలు దాటొచ్చు. అక్కడ షో కోసం పెట్టిన మోడల్ సంగతి ఇక చెప్పేదేముంది? ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. కిట్ మోడల్స్‌లో మెత్తటి వినైల్ టైర్లు ఇస్తారు. వాటిని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి వస్తుంది. డబ్బాలో టైరు, అద్దం ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే టైరు తగిలిన చోట అద్దం కరిగి గుంట పడుతుంది. కట్టకుండా దాచిన కిట్ ఉంటే ఈ రోజే టైర్లు వేరే కవర్లో వేసేయండి.

కొత్త అద్దానికి మెటీరియల్ ఎక్కడ? మీ ఇంట్లోనే. కేక్ డబ్బా మూత, కొత్త బొమ్మ ప్యాకింగ్ మీద ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్. అది ఎక్కువగా పెట్. 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల మందం బాగుంటుంది. ముందు కొలత. అద్దం ఉండాల్సిన చోట మాస్కింగ్ టేప్ అతికించి, అంచు వెంబడి పెన్సిల్‌తో గీసి, ఆ టేప్‌ని తీసి అట్ట మీద అతికించి కత్తిరించండి. అట్ట సరిగ్గా కూర్చుందా చూసుకుని, అప్పుడు ప్లాస్టిక్ కోయండి. కొంచెం పెద్దగా కోసి అరగదీయండి, చిన్నగా కోస్తే మళ్లీ పెంచలేం.

ఇప్పుడు వంపు. పల్లీల పొట్లం తెలుసు కదా, కాగితాన్ని ఒకవైపు చుడితే పొట్లం అవుతుంది. అదే కాగితాన్ని బత్తాయి పండుకి చుట్టి చూడండి, ముడతలు పడుతుంది. ఒకే దిశలో వంపు ఉంటే షీట్ వంగుతుంది, రెండు దిశల్లో వంపు ఉంటే వంగదు. పాత మోడల్ జీపులు, లారీలు, వ్యాన్ల అద్దాలు బల్లపరుపుగా గానీ, ఒకే వంపుతో గానీ ఉంటాయి. వీటికి ఈజీ. షీట్‌ని తగిన సైజు స్టీల్ గ్లాసుకి చుట్టి టేప్ వేసి, బాగా వేడిగా ఉన్న నీళ్లు పోయండి, వెంటనే చన్నీళ్లు పోయండి. వంపు అలాగే నిలబడిపోతుంది. పెట్ సుమారు 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మరిగే నీళ్లు అక్కర్లేదు.

రెండు వంపులున్న కొత్త కార్ల అద్దమైతే అచ్చు కావాలి. పగిలిన పాత అద్దం ముక్కల్ని టేప్‌తో కలిపి, లోపలి వైపు వాజిలిన్ రాసి, ఎం-సీల్ నింపండి. గట్టిపడ్డాక అదే మీ అచ్చు, సన్నగా అరగదీసి నునుపు చేయండి. షీట్‌ని చెక్క ఫ్రేమ్‌కి బిగించి, హీట్ గన్‌తో సమంగా వేడి చేసి, మెత్తబడి వేలాడటం మొదలవ్వగానే అచ్చు మీదికి ఒక్కసారిగా నొక్కాలి. మొదటిది చెడిపోతుంది, రెండోది కూడా. కేక్ డబ్బాలు నాలుగు దగ్గర పెట్టుకోండి. చివరగా అసలు అద్దాలకి చుట్టూ ఉండే నల్ల అంచుని లోపలి వైపు నుంచి పర్మనెంట్ మార్కర్‌తో గీయండి. అది గీశాకే అద్దం నిజమైనదిలా కనిపిస్తుంది, కింద ఫెవికాల్ మరకలు కూడా కవరైపోతాయి.

ఆఖరుగా, ఇంట్లో ఎవరైనా గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో వస్తుంటే వాళ్లకి ఈ నాలుగు మాటలు వాట్సాప్ చేయండి. మోడల్ కారు కొన్నాక ఒరిజినల్ డబ్బా, లోపలి థర్మాకోల్ పారేయొద్దు. కింద బేస్‌కి కట్టిన వైర్లు, స్క్రూలు విప్పొద్దు, కారు డబ్బాలో కదలకూడదు. కారు టాప్ మీద బరువు పడకుండా చూడండి, ఎందుకంటే ఆ బరువు పక్క స్తంభాల మీదుగా నేరుగా ముందు అద్దం మీదికే వస్తుంది. వీలైతే చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి. రిమోట్ కారు అయితే విడి లిథియం బ్యాటరీలు ఎలాగూ చేతి బ్యాగులోనే ఉండాలి, అది రూల్.

రెండేళ్లకోసారి వచ్చే మనిషి, అంత దూరం నుంచి మోసుకొచ్చే వస్తువు. పెట్టె ఇప్పిన ఆ ఐదు నిమిషాలు బాగుండాలి. ప్యాకింగ్‌కి పట్టేది కూడా ఐదు నిమిషాలే.

వచ్చే ఎపిసోడ్‌లో రాలిపోయిన పెయింట్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఫెవిక్విక్‌ని మాత్రం అద్దాలకి దూరంగా పెట్టండి. ఉంటాను, బై.